పాఠకుల ప్రశ్న: పెరట్లోకి వచ్చే పిట్టలను గుర్తుపట్టడం, చూసుకోవడం ఎలా?

ప్రశ్న: ఇన్నేళ్లు అపార్ట్‌మెంట్‌లో గడిపి, మూడు నెలల క్రితం చిన్న పెరడున్న ఇంట్లోకి మారాము. పొద్దున్నే రకరకాల పిట్టలు వస్తున్నాయి గానీ కాకి, పిచ్చుక, గోరింక, పావురం తప్ప మరో పేరు చెప్పలేకపోతున్నాను. ముచ్చటపడి రోజూ పళ్లెం నిండా గింజలు పోస్తే, మొదట్లో వచ్చిన పిచ్చుకలు తగ్గిపోయి ఇప్పుడు పావురాలే మిగిలాయి. పోయిన వారం ఒక పిట్టపిల్ల చెట్టు కింద పడి ఉంటే ఇంట్లోకి తెచ్చి డ్రాపర్‌తో పాలు పట్టాను, రాత్రికే చనిపోయింది. తాకకుండా ఉండవలసిందని, మనిషి వాసన తగిలితే తల్లి మళ్లీ దగ్గరకు రాదని పక్కింటివారు అన్నారు. ఇంకొక చిన్న పిట్ట రోజంతా కిటికీ అద్దాన్ని పొడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు తలపై జుట్టున్న పిట్ట ఒకటి పూలకుండీలో గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. కుండీకి నీళ్లు పోయవచ్చో లేదో తెలియడం లేదు. వీటన్నిటినీ గుర్తుపట్టడం, చూసుకోవడం ఎలాగో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో ఐదారు ప్రశ్నలున్నాయి. వాటిలో వాయిదా వేయడానికి వీల్లేనిది కుండీ ప్రశ్న ఒక్కటే కనుక దానితోనే మొదలుపెడతాను. తలపై నల్లటి జుట్టు, తోక మొదట్లో కింది వైపున ఎర్రటి మచ్చ, ఎగిరేటప్పుడు నడుము మీద తెల్లటి పట్టీ కనిపిస్తే అది పిగిలిపిట్ట. బుల్‌బుల్ అన్న పేరే మీరు ఎక్కువగా విని ఉంటారు. మనుషులు తిరిగే చోటే, నడుమెత్తు పొదలోనో వరండాలోని కుండీలోనో గిన్నెలాంటి గూడు కట్టుకోవడం దానికి అలవాటు. గుడ్లు పిల్లలు కావడానికి సుమారు రెండు వారాలు, ఆ పిల్లలు గూడు విడవడానికి మరో రెండు వారాలకు కాస్త తక్కువ పడుతుంది. అంటే ఆ కుండీ మీది కాదనుకోవలసింది నెల రోజులు మాత్రమే.

మొక్క ఎండిపోతే గూటికి నీడా మరుగూ రెండూ పోతాయి కనుక నీళ్లు పోయవలసిందే. తల్లి మేతకు వెళ్లినప్పుడు చిన్న చెంబుతో కుండీ అంచు నుంచి మట్టిలోకి నెమ్మదిగా వంపండి; పైనుంచి చిలకరించకండి, గొట్టంతో అసలే వద్దు. కుండీని ఉన్నచోటి నుంచి జరపకండి. ఎండ తగులుతోందని జాలిపడి మీరు దాన్ని అవతలి మూలకు మారిస్తే, తల్లి పాత చోటికే వచ్చి వెతుక్కునే ప్రమాదం ఉంది. నీడ కావాలనుకుంటే కుండీని కదపకుండా కాస్త దూరంలో ఒక గుడ్డ కట్టండి. గంటకోసారి ఫోను పట్టుకుని గూట్లోకి తొంగిచూడటం కన్నా ఇంటి లోపలి నుంచి చూడటం మేలు, ఎందుకంటే మీరు ఏ కొమ్మ దగ్గరకు పదేపదే వెళుతున్నారో గోడ మీది కాకి కనిపెడుతూనే ఉంటుంది.

ఇక చనిపోయిన పిల్ల సంగతి. ముందుగా పక్కింటివారి మాట నిజం కాదని చెప్పాలి. మనిషి చెయ్యి తగిలిందన్న కారణంతో పెరటి పిట్టలు పిల్లలను వదిలేయవు. అవి తమ పిల్లలను వెతుక్కునేది చోటును బట్టి, అరుపును బట్టి. మీరు తాకడం తప్పు కాలేదు. ఇబ్బందల్లా ఇంట్లోకి తీసుకుపోవడంలోనూ, డ్రాపర్‌లోనూ ఉంది. పాలు క్షీరదాల ఆహారం. పాలలోని చక్కెరను అరిగించుకునే ఏర్పాటు పక్షి పేగుల్లో లేదు. పావురాలు పిల్లలకు పాలు పడతాయని మీరు విని ఉండవచ్చు గానీ, అది వాటి గొంతు కింద ఉండే సంచి గోడల నుంచి ఊడివచ్చే పెరుగు ముక్కల్లాంటి పదార్థం, మన గిన్నెలోని పాలకూ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. పాల కన్నా పెద్ద ప్రమాదం అవి పట్టే తీరులో ఉంటుంది. పిట్టపిల్ల నోరు తెరిచినప్పుడు నాలుక మొదట్లో సన్నని చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనబడుతుంది. అది ఊపిరి గొట్టపు ద్వారం. చుక్కలుగా వేసిన ఏ ద్రవమైనా, మంచినీళ్లయినా సరే, తేలికగా అందులోకి జారి ఊపిరితిత్తులకు చేరుతుంది. గూట్లోని చిన్న పిట్టపిల్లలకు విడిగా నీళ్లు అందవు. తల్లి తెచ్చే పురుగుల్లో ఉన్న తడే వాటికి చాలుతుంది. అలాగని మీ పిల్లను పాలే చంపాయని నేను అనను. చెట్టు మీద నుంచి పడిన పిల్ల లోపలి దెబ్బతోనో చలితోనో పోవడం కూడా మామూలే.

ఈసారి ఇలాంటిది ఎదురైతే ముందుగా దాని ఒంటి వైపు చూడండి. ఒళ్లంతా గులాబీ రంగు చర్మం, అక్కడక్కడా నూగు, కళ్లు మూసుకుని ఉంటే అది ఇంకా గూట్లో ఉండవలసిన పిల్ల. గూడు అందే ఎత్తులో ఉంటే అరచేతుల్లో కాస్త వెచ్చబెట్టి తిరిగి అందులో పెట్టేయండి. గూడు చెదిరిపోతే చిన్న బుట్టకు, లేదా అడుగున చిల్లులు చేసిన డబ్బాకు ఎండుగడ్డి పరిచి, పాత గూటికి వీలైనంత దగ్గరలో కొమ్మకు కట్టి, పిల్లను అందులో ఉంచి దూరంగా వచ్చేయండి. తల్లిదండ్రులు చాలాసార్లు గంటా రెండు గంటల్లోనే వచ్చి మేత పెట్టడం మొదలుపెడతాయి, కానీ మీరు చెట్టు కిందే నిలబడితే మాత్రం రావు.

అలా కాకుండా ఒంటి నిండా ఈకలు వచ్చి, కళ్లు తెరుచుకుని, తోక మాత్రం కత్తిరించినట్టు పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతూ, ఎగరబోయి పడుతూ ఉంటే అది గూడు జారి పడిన పిల్ల కాదు, గూడు విడిచిన పిల్ల. చాలా జాతుల్లో పూర్తిగా ఎగరడం రాకముందే పిల్లలు బయటికి వచ్చేస్తాయి. కొన్ని రోజుల పాటు పొదల్లోనూ నేల మీదా ఉండగానే తల్లిదండ్రులు వాటిని వెతుక్కుంటూ వచ్చి మేపుతాయి. దిక్కులేనివనుకుని జనం ఇళ్లకు తెచ్చే పిల్లల్లో ఎక్కువ భాగం ఇవే. దానికి మీరు చేయగలిగింది పిల్లినీ కుక్కనూ లోపల కట్టేయడం, దారి మధ్యలో కూర్చుంటే తీసి పక్క పొదలో పెట్టడం, అంతే.

రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా, చీమలు పట్టినా, పిల్లి నోట పడినా అప్పుడు మాత్రం ఆలస్యం పనికిరాదు. పిల్లి కోర పెట్టిన గాటు పైకి సూదిమొనంతే కనిపించినా దాని నోటి బ్యాక్టీరియా చిన్న పక్షిని ఒకటి రెండు రోజుల్లో తీసుకుపోతుంది కనుక గాయం లేనట్టే అనిపించినా పశువైద్యునికి చూపించాలి. తీసుకువెళ్లే వరకు గాలి చిల్లులున్న అట్టపెట్టెలో మెత్తని నూలు గుడ్డ పరిచి, పెట్టెకు ఒక పక్కన మాత్రమే, గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పెట్టి, మూత వేసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచండి. టర్కీ తువ్వాలు వేయకండి, దాని నూలు ఉంగరాల్లో గోళ్లు చిక్కుకుంటాయి. ఆకలితో ఉందేమోనని తినిపించకండి. ఇంట్లోని చిన్నపిల్లలను మాటిమాటికీ మూత తీసి చూడనివ్వకండి. మనం ముద్దుగా చూస్తున్నామని దానికి తెలియదు, తనను తినబోయే జంతువు ముఖం మీద ముఖం పెట్టిందనే అనుకుంటుంది.

ఇప్పుడు పేర్ల సంగతికి వస్తాను. పేరు తెలియకపోతే ఏమిటి, చూసి ఆనందిస్తే చాలదా అని చాలామంది అంటారు. నాకు ఆ మాట నచ్చదు. కుండీలోది పిగిలిపిట్ట అని తెలియబట్టే కదా ఎన్నాళ్లు ఆగాలో మీకు చెప్పగలిగాను. పేరు తెలిస్తే అది ఏం తింటుందో, ఎక్కడ గూడు కడుతుందో, దేనికి భయపడుతుందో తెలుస్తుంది. ఆ తెలిసినదాన్ని బట్టే చూసుకోవడం ఉంటుంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ (1896–1987) జీవితం మలుపు తిరిగింది కూడా చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందో అర్థంకాక, అదేమిటో చెప్పేవారిని వెతుక్కుంటూ వెళ్లడంతోనే.

మీకు తెలిసిన నాలుగు పక్షులూ కొలబద్దగా పనికొస్తాయి. కొత్త పిట్ట కనిపించగానే రంగు వెంట పడకుండా, అది పిచ్చుకంత ఉందా, గోరింకంత ఉందా, పావురమంతా, కాకంతా అని ముందు అడగండి. వెలుతురును బట్టి రంగు మారిపోతుంది, పరిమాణం అంతగా మోసం చేయదు. తరువాత ముక్కు చూడండి: పొట్టిగా శంకువులా ఉంటే గింజలు చిదిమేది, సన్నగా వంపు తిరిగి ఉంటే తేనె పీల్చేది, సన్నగా నిటారుగా ఉంటే పురుగులు ఏరుకునేది. ఆ తరువాత నడక. పిచ్చుక రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది. గోరింక తనిఖీకి వచ్చిన అధికారిలా ఒక అడుగు తరువాత ఒక అడుగు వేస్తూ నడుస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే దూరం నుంచి, రంగు తెలియని మసక వెలుతురులో కూడా రెంటినీ వేరు చేయవచ్చు.

మగ, ఆడ తేడాలు మొదట్లో తికమక పెడతాయి. గడ్డం కింద నల్లటి బొట్టు, తల మీద బూడిద రంగు ఉన్నది మగ పిచ్చుక. ఆ నలుపేమీ లేక, కంటి వెనుక లేత గీత మాత్రమే ఉన్న మట్టిరంగు పిట్ట ఆడది. కోయిల విషయంలో నేనే రెండేళ్లు మోసపోయాను. ఒళ్లంతా తెల్లటి చుక్కలతో ముదురు గోధుమ రంగులో ఉన్న పొడుగు తోక పక్షి ఒకటి మా చెట్టు మీద వాలినప్పుడల్లా, కాకులు వెంటపడి తరుముతున్నాయి కదా అని, ఏదో డేగ జాతి అనుకుని పుస్తకంలో అలాగే రాసుకున్నాను. అది ఆడ కోయిల. కాకి గూట్లో గుడ్డు పెట్టడానికి వచ్చేది అదే కనుక కాకులు తరమడంలో వింత లేదు. కుహూ అని కూసేది మాత్రం ఎర్రటి కళ్లున్న నల్లటి మగ పక్షి.

మీ కిటికీని పొడిచే చిన్న పిట్ట ముక్కు సన్నగా కిందికి వంగి ఉంటే అది తేనెపిట్ట. మగది గూడు కట్టే కాలంలో దూరానికి నల్లగా, ఎండ పడితే ఊదా నీలాలుగా మెరుస్తుంది. ఆ కాలం దాటాక అదే పిట్ట పసుపు పొట్ట మీద నిలువుగా ఒక నల్లటి గీతతో, వేరే జాతేమో అనిపించేలా మారిపోతుంది. అంతకన్నా చిన్నదై, తల ముందు భాగం తుప్పు రంగులో, వీపు ఆకుపచ్చగా ఉండి, తోక పైకెత్తి పొదలో తిరుగుతూ, తన ఒంటికి పది రెట్లు పెద్ద గొంతుతో అరిచేది దర్జీ పిట్ట. దాని గూడు దొరికితే మీ అదృష్టం. ఒకటో రెండో వెడల్పాటి ఆకుల అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, సాలెగూటి దారమో దూది పోగో అందులోంచి లాగి, అవతలి వైపు ఉబ్బేలా చిదిపి వదులుతుంది. ఆ ఉబ్బే ముడిలా నిలిచి కుట్టు జారకుండా చూస్తుంది. ఆకు పచ్చగానే ఉండటంతో పక్కనే నిలబడినా గూడు కంటికి ఆనదు. తెల్లవారకముందే తీగలాంటి గొంతుతో పాడే నలుపు తెలుపుల పిట్ట పెద్ద నల్లంచి. మట్టిరంగులో ఆరేడు కలిసి ఎండుటాకులు తిరగేస్తూ, అన్నీ ఒకేసారి కయ్యిమని అరిచేవి సెవెన్ సిస్టర్స్ అనే గుంపు పిట్టలు. కాకంత ఉండి, రెక్కలు ఇటుక రంగులో, కళ్లు ఎర్రగా, పొదల కింద బరువుగా నడిచేది జెముడుకాకి. అది తిరుగుతున్న రోజు మిగతా పిట్టలన్నీ గోల చేస్తే ఆశ్చర్యపడకండి, వాటి గుడ్లూ పిల్లలూ దానికి ఆహారమే.

రోజూ ఒకే చోట, ఒకే సమయానికి పావుగంట కూర్చోండి. సూర్యోదయం తరువాతి గంట అన్నిటికన్నా మంచిది. తేదీ, వేళ, ఎక్కడ వాలింది, ఏం చేస్తోంది అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయండి; పేరు తెలియకపోతే ఖాళీ వదిలి వర్ణన రాయండి, ఆ ఖాళీలు ఆరు నెలల్లో వాటంతట అవే నిండుతాయి. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాలవారి మెర్లిన్ అనే ఉచిత యాప్ కూతను విని, ఫొటోను చూసి పేరు సూచిస్తుంది. సూచిస్తుంది అన్న మాటను గుర్తుంచుకోండి. కంటితో చూసి సరిచూసుకున్న తరువాతే పుస్తకంలో రాయండి. కాస్త చెయ్యి తిరిగాక, ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మీ లెక్కనూ పంపవచ్చు. 1998లో మొదలైన ఆ లెక్కింపులో పాల్గొనడానికి ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు పక్షులను లెక్కపెట్టడమే అర్హత.

పావురాల బెడదకు కారణం మీ పళ్లెమే. వెడల్పాటి పళ్లెంలో రోజంతా గింజలుంటే అది పిచ్చుకలకు కాక, గుంపుగా దిగి, ఒక్కసారిగా పొట్ట నింపుకునే పెద్ద పక్షులకు వేసిన విస్తరి అవుతుంది. పది రోజులు పూర్తిగా ఆపేయండి. పావురాలు వేరే చోటు చూసుకుంటాయి, మీరు ఆపారని ఏదీ ఆకలితో చావదు. తిరిగి మొదలుపెట్టినప్పుడు సజ్జలో, కొర్రలో, నూకలో గుప్పెడు మాత్రమే, పొద్దున ఒక్కసారి, అరగంటలో అయిపోయేంత వేయండి. సుమారు 4 సెంటీమీటర్ల కన్నాలున్న తీగ వలతో చుట్టిన, వేలాడే మేతపాత్ర అయితే పిచ్చుక దూరుతుంది, పావురం దూరలేదు. ఉప్పు, నూనె, కారం తగిలినవేవీ పెట్టకండి. బ్రెడ్డు, బిస్కెట్లు కడుపు నింపుతాయి గానీ ఒంటికి పట్టవు. బూజు పట్టిన వేరుశనగ గింజ మనుషులకు ఎంత విషమో వాటికీ అంతే.

మేత పెట్టడం కన్నా ఆ పాత్ర కడగడం పెద్ద పని అని చెప్పక తప్పదు. ఎన్నో పక్షులు ఒకేచోట తిని, అక్కడే రెట్ట వేస్తే, విడివిడిగా తిరిగేటప్పుడు సోకని జబ్బులు సోకుతాయి. వారానికొకసారైనా రుద్ది కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని, మనుషులు దగ్గరకు వచ్చినా కదలని పక్షి కనిపిస్తే అది మచ్చిక కాదు, జబ్బు. రెండు వారాలు మేత ఆపి గుంపును చెదరనివ్వండి. పావురాల రెట్ట ఎండి దుమ్మయ్యాక పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు అలర్జీతో వాచే వ్యాధి వస్తుంది కనుక, పొడిగా ఊడవకుండా ముందు నీళ్లతో తడిపి, మాస్కు వేసుకుని తుడవండి.

నన్నడిగితే గింజల కన్నా నీళ్లు ముఖ్యం, నీళ్ల కన్నా పురుగులు ముఖ్యం. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది గొంగళిపురుగులనే, పేనుబంకనే. గింజల పళ్లెం ఎంత పెద్దదైనా పురుగు లేని పెరట్లో పిచ్చుక పిల్ల పెరగదు. 1958లో చైనాలో పిచ్చుకను పంటకు శత్రువని ప్రకటించి ఊరూరా చంపించారు. పిచ్చుకలు పోయాక పురుగులు పెరిగి, 1960లో శత్రువుల జాబితా నుంచి దాన్ని తీసేసి, దాని స్థానంలో నల్లిని చేర్చుకోవలసి వచ్చింది. కాబట్టి ఆకు మీద నాలుగు పురుగులు కనబడగానే మందు కొట్టకండి. చెట్టు కింద రాలిన ఆకులను ఒక మూలనైనా ఊడవకుండా వదిలేయండి. గుంపు పిట్టలకూ పెద్ద నల్లంచికీ అదే వంటిల్లు. గొట్టం ఆకారపు పూలు పూసే మొక్క ఒకటి ఉంటే తేనెపిట్టకు చక్కెర నీళ్ల సీసా అక్కర్లేదు. ఎలుకల మందు కూడా వాడకండి, మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ చస్తుంది.

నీళ్లకు ఖరీదైన సామాను అవసరం లేదు. గరుకుగా ఉండే వెడల్పాటి మట్టిమూకుడు చాలు. లోతు అంచు దగ్గర రెండు, మధ్యలో ఐదు సెంటీమీటర్లు మించకుండా చూసి, కాలు పెట్టుకోవడానికి ఒక రాయి వేయండి. నునుపైన లోతు తొట్టెలో పిట్టలు జారి మునిగిపోతాయి. రోజూ పారబోసి కొత్త నీళ్లు పోస్తే దోమకు గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా పట్టే వారం వ్యవధి దొరకదు. మూకుడును పొదకు ఆనించి పెడితే పిల్లి పొంచి ఉండటానికి వీలవుతుంది, పూర్తిగా బయలులో పెడితే డేగ భయం. పొదకు రెండు మీటర్ల దూరం సరైనది. అక్కడ ఒక వినోదం కూడా ఉంది. పిచ్చుక ఒక్కొక్క గుక్క నోట్లోకి తీసుకుని తల పైకెత్తి మింగుతుంది. పావురం మాత్రం ముక్కు ముంచి, తల ఎత్తకుండా, గొట్టంతో పీల్చినట్టు ఏకబిగిన తాగుతుంది. మూకుడు పక్కన జానెడు పొడి మట్టి వదిలితే పిచ్చుకలు అందులో దొర్లి దుమ్ము స్నానం కూడా చేస్తాయి.

అద్దం పొడవడం పిచ్చి కాదు. గూడు కట్టే కాలంలో తన హద్దులోకి మరో మగ పిట్ట వచ్చిందనుకుని మీ తేనెపిట్ట తన నీడతోనే పోట్లాడుతోంది. లోపలి తెర వేస్తే లాభం లేదు, కొన్నిసార్లు నీడ ఇంకా స్పష్టమవుతుంది. అద్దానికి బయటి వైపున కాగితం అంటించినా, సబ్బు పూసి మసకబార్చినా రెండు మూడు వారాల్లో ఆ ఆవేశం చల్లారుతుంది. ఎగిరి వచ్చి అద్దానికి ఢీకొనడం వేరే సమస్య, అది ప్రాణాంతకం. దానికి ఒక్క డేగ బొమ్మ అంటించి ఊరుకుంటే పనిచేయదు. బయటి వైపున 5 సెంటీమీటర్లకొకటి చొప్పున అద్దమంతా చుక్కలు ఉండాలి. ఢీకొని సొమ్మసిల్లిన పిట్టను ఇందాక చెప్పిన అట్టపెట్టెలో గంటా రెండు గంటలు ఉంచి, బయటికి తెచ్చి మూత తీయండి. ఎగరలేకపోతే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.

పిచ్చుకలు మళ్లీ రావాలంటే మేతతో పాటు చోటు కావాలి. చెక్కపెట్టె గూటికి 32 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. అంతకన్నా పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. తొర్రల కోసం గోరింక ఎంత మొండిదంటే, మనుషులు తీసుకెళ్లి వదిలిన ఆస్ట్రేలియాలో అది అక్కడి పక్షుల గూళ్లను కాజేస్తూ ఇప్పటికీ తలనొప్పిగానే ఉంది. రంధ్రం కింద కూర్చునే పుల్ల పెట్టకండి, అది పిచ్చుకకు అవసరం లేదు, దొంగలకే ఆసరా. నేరుగా ఎండా వానా కొట్టని గోడకు, రెండు మూడు మీటర్ల ఎత్తున, పిల్లికి అందకుండా బిగించండి. పిచ్చుకలు ఒంటరిగా ఉండలేవు కనుక ఒకటికి రెండు పెట్టెలు పెట్టండి. గదిలోకే వచ్చి గూడు కట్టబోతే సీలింగ్ ఫ్యాను గుర్తుంచుకోండి. దాని రెక్క తగిలి చనిపోయే పిచ్చుకలు తక్కువేమీ కాదు. గూటికి పనికొస్తాయని నైలాను దారాలు, తల వెంట్రుకలు బయట వేయకండి, అవి పిల్లల కాళ్లకు చుట్టుకుని కోసేస్తాయి.

చివరిగా మళ్లీ కుండీ దగ్గరకు. ఈ సమాధానం మీకు అందేసరికి బహుశా గుడ్లు పగిలి ఉంటాయి. పిల్లలకు ఈకలు నిండినట్టు కనిపించిన రోజు నుంచి ఆ వైపుకు అసలు వెళ్లకండి, ఎందుకంటే ఆ దశలో బెదిరితే ఎగరలేకపోయినా గూట్లోంచి దూకేస్తాయి. మరికొన్ని రోజులకు ఒక ఉదయం గూడు ఖాళీగా ఉంటుంది; పొట్టి తోకతో, తలపై జుట్టు ఇంకా సరిగా రాని పిల్లలు పక్క పొదలో ఒకటి, గోడ వార ఒకటి కూర్చుని మేత కోసం అరుస్తుంటాయి. వాటిని లోపలికి తేకండి. తల్లిదండ్రులు అక్కడే, తీగ మీదో కొమ్మ మీదో ముక్కున పురుగు పట్టుకుని, మీరు ఎప్పుడు తప్పుకుంటారా అని ఎదురుచూస్తూ ఉంటాయి. ఖాళీ గూటిని రెండు మూడు వారాల తరువాత తీసేయవచ్చు. ఆ రోజు నుంచి కుండీకి పైనుంచి కూడా నీళ్లు చల్లుకోవచ్చు.